చెప్పులేసుకుంటే అడ్డమొచ్చే పిల్లి

దిండ్లు సర్దుకున్నారా? చిన్నోడా, ఆ కాలు అక్క మీంచి తియ్యి. ఊ, ఇక వినండి.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి పేరుంది గానీ నాకు గుర్తులేదు, అడక్కండి. ఊరికి ఎగువన ఒక చెరువు, చెరువుకొక తూము, తూముకొక నీరుగంటి. నీరుగంటి అంటే మరేం లేదు, పొద్దుపొడవక ముందే చెరువుగట్టెక్కి, తూము తలుపెత్తి, పొలాలకు నీళ్ళు వదిలేవాడు. ఆయన తలుపెత్తితేనే కాలువ పారేది. కాలువ పారితేనే మడి తడిసేది. మడి తడిస్తేనే మన కంచంలోకి బువ్వ వచ్చేది. ఆయన పేరు ఓబులయ్య.

ఓబులయ్య మంచివాడే. అబద్ధమాడడు, ఒకరి మడికి ఎక్కువా ఒకరి మడికి తక్కువా వదలడు. కానీ భయస్తుడు. బయటికి కాలు పెడితే చాలు, లోకమంతా తనకేదో చెబుతోందనుకునేవాడు. ఎవరైనా తుమ్మితే ఆగేవాడు. బల్లి పలికితే ఆగేవాడు. కట్టెలమోపు ఎదురొస్తే ఆగేవాడు. ఆగడమంటే ఊరికే నిలబడ్డం కాదు. ఇంట్లోకి తిరిగొచ్చి, చెప్పులు విప్పి, పీట మీద కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి, అప్పుడు మళ్ళీ బయల్దేరాలి. పెద్దల నాటి పద్ధతి అది. మీ తాతయ్యా అంతే, నవ్వకండి.

ఆయన భార్య చెంగమ్మ. కొడుకు గురవడు, వాడి తెలివి సంగతి తర్వాత చెబుతా. గురవడి పెళ్ళాం పెంచలమ్మ. కొత్త కోడలు. కోడళ్ళు పుట్టింటి నుంచి ఏం తెచ్చుకుంటారు? ఆవునో, బిందెనో. పెంచలమ్మ సారె గంపలో చలిమిడి పక్కన ఒక పిల్లికూనని పెట్టి తెచ్చుకుంది. జున్ను రంగులో ఉందని దాని పేరు జున్ను. తల్లి లేని కూన. పెంచలమ్మే పాలల్లో వేలు ముంచి నాకించి బతికించింది. ఆ కొత్త ఇంట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోడానికి ఆ పిల్లి ఒక్కటే ఉంది.

ఎలుకలు పడుతుందిలే అని చెంగమ్మ ఊరుకుంది. పట్టేది, కాదనకూడదు. కానీ దాని వేషాలు కూడా తక్కువేం కాదు. పడుకుంటే వడియాలు ఆరబెట్టిన గుడ్డ మీదే పడుకునేది. గూట్లో చెంబుంటే మన కళ్ళల్లోకి చూస్తూనే పంజాతో నెమ్మదిగా నెట్టి కింద పడేసేది. తలుపు మూస్తే తెరవమని అరుపు, తెరిస్తే గడప మీద కూర్చుని ఆలోచన. పిల్లుల సంగతి మీకు చెప్పేదేముంది.

ఒకరోజు ఏమైందంటే, ఓబులయ్య చెప్పులేసుకుని గడప దాటబోతుండగా జున్ను ఒక బల్లి వెంట పరిగెత్తుతూ ఆయనకి అడ్డంగా పోయింది. ఆయన అక్కడే ఆగిపోయాడు. వెనక్కొచ్చాడు, చెప్పులు విప్పాడు, పీట వాల్చుకున్నాడు, నీళ్ళడిగాడు. ఈలోగా ఇది మళ్ళీ అడ్డం పోతే ఇంకోసారి కూర్చోవాలి కదా అని చెంగమ్మ ఏం చేసింది? చిప్పలో చుక్కెడు పాలు పోసి జున్నుని వంటింట్లో కూర్చోబెట్టింది. ఓబులయ్య నీళ్ళు తాగాడు, జున్ను పాలు తాగింది, ఆయన దారిన ఆయన పోయాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇహ అక్కడి నుంచి రోజూ,

పిల్లి అడ్డం, కాలు వెనక్కి,
చెప్పు విప్పు, పీట వాల్చు,
నీళ్ళు గుక్కెడు, పాలు చుక్కెడు.

ఊ కొడుతున్నారా? అక్క కొడుతోంది, చిన్నోడి ఊ వినబళ్ళేదే. ఆ, అలాగ.

రోజూ ఆలస్యమైతే ఏమవుతుంది? తూము ఎండెక్కాక తెరుచుకునేది. కాలువ మొదట్లో మడులు ఎలాగో తడిసేవి. చివర మడులకి నీళ్ళందేసరికి మట్టే సగం తాగేసేది. చివరి రైతులు ఇంటి మీదికొచ్చి కేకలేశారు. ఓబులయ్య సిగ్గుతో తల వంచుకున్నాడు. వంచుకుని, మర్నాడు పిల్లి అడ్డం రాగానే మళ్ళీ వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఏం చేస్తాడు పాపం, భయం.

ఇంట్లో ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చేశారు. చెంగమ్మ నీళ్ళు చల్లింది. జున్ను అటక మీదికెక్కి ఒళ్ళు నాక్కుని, సరిగ్గా చెప్పుల చప్పుడు కాగానే దిగొచ్చింది. గంప కింద మూసిపెట్టారు. అది లోపల్నుంచి పెట్టిన ఏడుపుకి, అడ్డం రావడం కంటే పిల్లి ఏడుపు ఇంకా చెడ్డదని ఓబులయ్య ఆ రోజు రెండుసార్లు కూర్చున్నాడు. పెరటి తలుపులోంచి వెళ్ళాడు, పెరట్లోకొచ్చింది. గొడ్లచావిట్లోంచి వెళ్ళాడు, గొడ్ల కాళ్ళ మధ్య నుంచొచ్చింది.

అప్పుడు గురవడికి ఒక ఆలోచన వచ్చింది. వాడికి ఆలోచన వచ్చిందంటే ఇంట్లో అందరూ కుండలూ చట్లూ ఒక పక్కకి పెట్టుకునేవాళ్ళు.

"నాయనా, నువ్వు వెనక్కి నడుచుకుంటూ వెళ్ళు. పిల్లి నీ వీపు వైపు పోతుంది. నీకు కనబడదు. కనబడంది శకునమెట్లా అవుద్ది?" అన్నాడు.

ఓబులయ్యకి అది సబబుగానే తోచింది. వెనక్కి నడుచుకుంటూ గడప దాటాడు, వాకిలి దాటాడు, వీధి దాటాడు, ఎదురింటివాళ్ళ పేడగుంటలో వెల్లకిలా పడ్డాడు. జున్ను గుంట గట్టు మీద కూర్చుని చూసింది. ఆ రోజు స్నానం కూడా చేసి వెళ్ళాల్సొచ్చింది.

ఇక రైతులు రాజు దగ్గరికి పోయారు. రాజంటే మరీ పెద్ద రాజు కాదు, ఆయన కోట మన వీధంత. కానీ రాజు రాజే కదా. అంతా విన్నాడు. విని, పిల్లి అడ్డమొస్తే ఆగకుండా ఎలా వెళ్తాడయ్యా, నేనైనా ఆగుతాను, నీరుగంటి తప్పేముంది అన్నాడు. మరి తప్పెవరిదంటే పిల్లిది. అమావాస్య దాకా గడువు. ఆ పొద్దున కూడా అది అడ్డమొస్తే గోనెసంచిలో వేసి ఏటి అవతల అడవిలో వదిలిపెట్టాలి. అదీ తీర్పు.

తీర్పు పెంచలమ్మ చెవిన పడింది. చేటెడు బియ్యం ముందు పెట్టుకుని ఏరుతున్నట్టే కూర్చుంది గానీ ఒక్క రాయీ తియ్యలేదు. అడవిలో దానికెవరున్నారు? వంటింటి వెచ్చదనం తప్ప వేరే తెలియని పిల్లి. ఏడిస్తే లాభం లేదు, తిడితే లాభం లేదు. సరే, ముందు ఇది ఏం చేస్తోందో చూద్దాం అనుకుని చూడ్డం మొదలుపెట్టింది.

గురవడు పొలానికి బయల్దేరాడు. జున్ను కన్ను కూడా తెరవలేదు. చెంగమ్మ సంతకి బయల్దేరింది. జున్ను ఆవులించింది. పెంచలమ్మ బిందె పట్టుకుని బావికి వెళ్ళింది. జున్ను తోక కూడా ఆడించలేదు. ఓబులయ్య చెప్పులో కాలు పెట్టాడు. అంతే, ఎక్కడున్నదో ఏమో, బాణంలా వచ్చి అడ్డంగా పోయింది. పోయి, ఆయన వంక చూసిందా? లేదు. నేరుగా వంటింట్లోకెళ్ళి చిప్ప ముందు కూర్చుంది.

పెంచలమ్మకి విషయం బోధపడింది. ఇది మామని ఆపడం లేదు, అత్తని పాలడుగుతోంది. నేర్పించింది మనమే.

వెళ్ళి చెంగమ్మకి చెప్పింది. "అత్తా, రేపు అడ్డమొచ్చినా పాలు పొయ్యొద్దు."

"నేనేదో నేర్పించానంటావు. పిల్లిని తెచ్చింది నువ్వు, పద్దాక తిట్లు తినేది నేను" అంది చెంగమ్మ.

"తిట్లు నేను తింటాలే. పాలు మాత్రం దాన్ని తాగనీకు."

మర్నాడు జున్ను అడ్డమొచ్చింది, పాలు రాలేదు. తను చేసింది సరిపోలేదనుకుందో ఏమో, ఓబులయ్య రెండోసారి బయల్దేరితే రెండోసారి అడ్డమొచ్చింది. మూడోసారి బయల్దేరితే మూడోసారి వచ్చింది, ఈసారి అరుస్తూ. ఆ అరుపు భరించలేక చెంగమ్మ, పోనీలే ఒక్క చుక్కేగా అని పోసేసింది. ఆ మర్నాటి నుంచి జున్ను మూడుసార్లు అడ్డం రావడం మొదలుపెట్టింది. మధ్యలో లొంగిపోతే అంతే మరి, మొండితనానికి ఇంకా మంచి జీతమిచ్చినట్టు. ఓబులయ్య నీళ్ళు తాగీ తాగీ కడుపు ఉబ్బరించి చెరువుగట్టెక్కలేకపోయేవాడు. అందరూ పెంచలమ్మనే చూశారు. అమావాస్య దగ్గర పడింది.

పెంచలమ్మ మళ్ళీ ఆలోచించింది. పాలు మానిపిస్తే ఇది ఊరుకోదు. పోనీ, అడ్డం రాకముందే పోస్తే? మర్నాడు మామగారు చెప్పులు వెతుక్కునేలోపే పెరట్లో రోటి మీద చిప్ప పెట్టి గరిటెతో టంగుమని కొట్టింది. జున్ను రోలెక్కి మూతి పెట్టింది. ఓబులయ్య గడప దాటాడు. పిల్లి లేదు. వాకిలి దాటాడు. పిల్లి లేదు. పెంచలమ్మ ఊపిరి వదిలింది.

వీధి మొగలో ఓబులయ్య ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. గబగబా వెనక్కొచ్చాడు.

"అమ్మాయ్, పిల్లేదీ? ఇవాళ కనబళ్ళేదే. ఏదో కీడు జరగబోతోంది" అని చెప్పులు విప్పి పీట మీద కూర్చుని నీళ్ళడిగాడు.

చూశారా? ఈలోగా జున్ను పాలు ముగించింది. ఆయన రెండోసారి బయల్దేరాడు, అది అడ్డమొచ్చింది.

చెంగమ్మ నెత్తి కొట్టుకుంది. పెంచలమ్మ మాత్రం మామగారి వంకే చూస్తూ ఉండిపోయింది. ఆయన పీట మీద కూర్చుని నీళ్ళు తాగేటప్పుడు ముఖం ఎంత నెమ్మదిగా ఉందో చూసింది. తూము మెట్లు నాచు పట్టి ఉంటాయి, తలుపు బరువు, కింద లోతు. రోజూ చీకటితో లేచి అక్కడికి ఒంటరిగా పోవాలంటే ఎవరికైనా గుబులే. ఆయనకి ఆ గుక్కెడు నీళ్ళూ, ఆ ఒక్క క్షణం కూర్చోవడమూ కావాలి. పిల్లి పాలకోసం అడ్డమొస్తోంది, మామ పీటకోసం వెనక్కొస్తున్నాడు. ఇద్దరిదీ ఒకటే జబ్బు.

ఆ సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ అడిగింది. "మామా, వాన పడ్డాక గొడుగు వెతుక్కుంటామా, పడకముందే పట్టుకెళ్తామా?"

"మబ్బుంటే పట్టుకెళ్తాం."

"మన ఇంట్లో రోజూ మబ్బే కదా. అడ్డమొచ్చాక కూర్చునేది ముందే కూర్చుంటే? ముందే నీళ్ళు తాగితే? ఆ దోషమేదో రాకముందే తీరిపోతుంది."

ఓబులయ్య ఒక కాలు తుడుచుకున్నాడు, రెండో కాలూ తుడుచుకున్నాడు. "ముందు తాగకూడదని పెద్దవాళ్ళెవరూ అనలేదు" అన్నాడు చివరికి. "తాగమనీ అనలేదనుకో."

అమావాస్య పొద్దున. రాజుగారి బంటు గోనెసంచి పట్టుకుని వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. పెంచలమ్మ వాణ్ణి చూసీ చూడనట్టు ఊరుకుంది. మామకి పీట వాల్చింది. చెంబు చేతికిచ్చింది. పక్కనే చిప్పలో పాలు పోసింది. ఓబులయ్య గుక్కెడు నీళ్ళు తాగాడు, తొందరలేకుండా ఇంకో గుక్క కూడా తాగాడు. పక్కన జున్ను చప్పరిస్తోంది. ఆయన దాని వీపు మీద ఒకసారి చెయ్యి వేశాడు. అన్నాళ్ళలో అదే మొదలు. లేచి చెప్పులేసుకున్నాడు.

జున్ను తలెత్తింది. చెంగమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. జున్ను లేచి, మీసాలు నాక్కుంటూ వాకిట్లోకి నడిచింది. ఓబులయ్య అప్పటికి గడప దాటి, వీధిలో పడి, చెరువు దారి పట్టేశాడు. అది ఆయన వైపు చూడలేదు. దానికి కావలసింది దొరికిపోయింది, ఇంకెందుకు చూస్తుంది? బంటు దగ్గరికొచ్చింది. వాడు నేల మీద పరిచి పెట్టిన గోనెసంచిని వాసన చూసింది. సంచి కనిపిస్తే పిల్లి ఊరుకుంటుందా? మూతిలోంచి లోపలికి దూరి, గుండ్రంగా చుట్టుకుని నిద్రపోయింది.

"అమ్మా, ఇది తనంత తనే ఎక్కింది. పట్టుకుపోనా?" అన్నాడు బంటు.

"అడ్డమొస్తే పట్టుకుపొమ్మన్నారు. అడ్డమొచ్చిందా?"

"రాలేదు."

"మరింకేం. సంచి రాజుగారిది, పిల్లి నాది. అది లేచినాక నీ సంచి నువ్వు పట్టుకుపో. అందాకా చద్దన్నం తిను."

వాడు అరుగు మీద కూర్చుని చద్దన్నం తిన్నాడు, మజ్జిగ తాగాడు, తనూ ఒక కునుకు తీశాడు. ఈలోగా కాలువలో నీళ్ళు వచ్చిన చప్పుడు ఊరంతా విన్నది. ఎండ రాకముందే చివరి మడి దాకా తడిసింది.

ఆ తర్వాత రోజూ అంతే. ముందు పీట, తర్వాత చెప్పులు. రైతులు సంతోషించారు, రాజు తన తీర్పే ఫలించిందని సంతోషించాడు, వెనక్కి నడిచే ఆలోచన తనదేనని గురవడు కూడా సంతోషించాడు. జున్ను వడియాల మీద పడుకోవడం మాత్రం మానలేదు. అన్నీ మానితే అది పిల్లెందుకవుతుంది? పడుకోమని దానికి చెంగమ్మ ఓ పాత చేట వేరే ఇచ్చింది.

ఇంకొక్క ముక్కుంది, నిద్రపోకండి. కొన్నాళ్ళకి ఓబులయ్య చెరువుగట్టు మీద పోతుంటే ఎవరిదో ఒక నల్లపిల్లి అడ్డంగా వచ్చి ఆగింది. గట్టు కింద మడిలో ఉన్న రైతు చూసి, అయిపోయింది, ఇవాళ నీళ్ళు రావనుకున్నాడు. ఓబులయ్య ఆగాడు. దాని వంక చూశాడు.

"పాలు ఇంటి దగ్గర జున్ను తాగేసిందే. సాయంత్రం రా" అన్నాడు. అని, దాన్ని తప్పుకుని తూము వైపు నడిచాడు.

అంతే. ఏ పనికి పాలు పోస్తే పిల్లి ఆ పనే చేస్తుంది, మనుషులూ అంతే. చిన్నోడా, కథ అవగానే నీకు దాహమేస్తుందని నాకు తెలుసు, ముందే తాగించా. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరుదాం. దీపం తగ్గిస్తున్నా.