క్రిస్టల్ కాలికి కట్టిన స్విచ్

ఇది నమ్మే దమ్ము ఈ గ్రూపులో ఒక్కరికన్నా ఉందా? లేదని పందెం. మా సుభానీ మాష్టారు ఇవాళ నేను అమ్మ గురించి ఒక మాట అడిగితే దానికి జవాబుగా నా చేతికి ఒక స్విచ్ ఇచ్చాడు. ఎర్ర స్విచ్. నిజం. నవ్వకుండా చదవండి, టైపు చేసి చేసి వేళ్లు నొప్పులు పుడతన్నాయి.

ముందు మాష్టారి సంగతి చెప్పాలి. చీరాల బస్టాండు వెనకాల చిన్న షాపు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు మిల్లులకీ రంగుల షెడ్లకీ టైమర్లు కట్టిస్తాడు. ఊళ్లో సోల్డరింగ్ వచ్చిన ప్రతి మనిషీ ఆయన దగ్గర వేళ్లు కాల్చుకున్నవాళ్లే, అందుకే మాష్టారు. రోజూ మధ్యాన్నం కాలేజీ అవగానే నేనూ పోతా. ఆయనకో అలవాటుంది. మనం ఏదన్నా అడిగితే చెప్పడు. ఏదో ఒక బోర్డు తీసి మన ముందు పెడతాడు, అంతే. ఒకసారి కోటన్న (అంటే అక్కడ పదేళ్లుగా చేస్తన్న పెద్ద శిష్యుడు) "మాష్టారూ, నాకు పెళ్లెప్పుడవుద్ది" అంటే కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చి చుట్టమన్నాడంట. మూడు రోజులు చుట్టాడు. పెళ్లి కాలా. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఇప్పటికీ నడుస్తంది.

ఇప్పుడు నా గొడవ. శ్రీసిటీలో ఒక కంపెనీలో ఆరు నెలల ట్రైనింగు, మా క్లాసులో ముగ్గురికే వచ్చింది, అందులో నేనొకదాన్ని. ఫారం మీద ఇంట్లోవాళ్ల సంతకం పెట్టించి రేపు సాయంత్రం ఐదింటికల్లా ఇవ్వాలి. లేకపోతే నాలుగో పేరు ఆ శ్రావ్యది, దానికి పోద్ది. నాన్నని అడిగితే "మీ అమ్మనడుగు". అమ్మనడిగితే "ఊ". ఎనిమిది రోజుల్నించి "ఊ". వద్దని అనదు, సరేనని అనదు. అసలు వినపడిందో లేదో తెలీదు.

మా ఇంటి సంగతి తెలీనోళ్లకి చెప్తన్నా. నాన్న గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని గుంట మగ్గం మీద చీర నేస్తాడు. అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం కండె అయిపోతే ఇంకో కండె పెట్టాలి, ఆ కండెలకి దారం చుట్టేది అమ్మ, రాట్నం మీద. పొద్దున కూర్చుంటే రాత్రి అన్నాల వేళ దాకా. రాట్నం ఆగితే మగ్గం ఆగుద్ది. అమ్మ కుడిచెయ్యి తిప్పతా ఉంటది, ఎడమచెయ్యి దారం పట్టుకుని ఉంటది, చెవేమో మగ్గం మీద. నాడె చప్పుడు కొంచెం మారితే చాలు, కండె అయిపోవస్తందని ఆమెకి తెలిసిపోద్ది, ఇంకోటి రెడీగా ఉంటది. నాన్న అడగాల్సిన పనే లేదు. నేను ఎనిమిదో తరగతిలో ఒకసారి చుట్టా. వదులు కండెలు. దారం గంటలో నాలుగుసార్లు తెగింది, నాన్న గుంటలోంచి తిట్టిన తిట్లు వీధి చివర దాకా వినపడినాయి. అప్పట్నించి నేను రాట్నం ముట్టుకోలా. నాకు సోల్డరింగ్ వచ్చు, చాలు.

మొన్న ఫారం తీసుకెళ్లి అమ్మ మోకాలి మీద పెట్టి పెన్నిచ్చా. చూడకుండానే "రేషన్ కాయితమా, ఏడ పెట్టాలి" అని సంతకం పెట్టబోయింది. నేనే లాక్కున్నా. కోటన్న అయితే "పిచ్చిదానా, పెట్టించుకోవాల్సింది, పనైపోయేది" అన్నాడు. ఏందది? నేను ఆరు నెలలు ఇల్లొదిలి పోతన్నానని తెలీకుండా పెట్టిన సంతకం నాకెందుకు? రైలెక్కేరోజు తెలిస్తే ఆమె మొహం ఎట్టా చూస్తా?

అందుకే ఇవాళ షాపుకి పోగానే అడిగేశా. "మాష్టారూ, పక్కనే కూర్చుని చెప్పినా మనిషికి ఎందుకు వినపడదు?"

మాష్టారు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. తర్వాత అరలోంచి ఒక టైమర్ బోర్డు, ఒక ఎర్ర స్విచ్ తీసి పెట్టాడు. "రంగుల షెడ్డు సాంబశివరావు గారిది. తొట్టిలో నూలు చిలప, అదే దారం కట్ట, మోటరుకి చుట్టుకుంటంటే ఆపడానికి స్విచ్ లేదంట. పెట్టు తల్లీ."

"నేనడిగింది..."

"సాయంత్రం వస్తాడాయన."

కోటన్న అటు తిరిగి నవ్వతన్నాడు. సరే, చూశా. బోర్డు మీద చిన్న మైక్రోకంట్రోలర్ చిప్పు, ఎనిమిది కాళ్లు (పిన్నులు). రెండు కరెంటుకి పోయినాయి. మోటరుకొకటి, లైటుకొకటి, బజరుకొకటి, వేడి చూసేదానికొకటి. మిగిలిన రెండిట్లో క్రిస్టల్ ఉంది. క్రిస్టల్ అంటే గోరంత వెండిరంగు డబ్బీ, సెకనుకి నలభై లక్షల సార్లు కొట్టుకుంటది, ఆ దెబ్బల లెక్క మీదే చిప్పు మొత్తం అడుగేస్తది. అంటే స్విచ్‌కి ఖాళీ కాలు లేనే లేదు.

"మాష్టారూ, కాలు లేదు."

"ఉన్నదాన్నే అడుగు."

ఎవర్ని అడగాలి? అర్థం కాలా. మోటరు పీకలేను, వేడి చూసేదాన్ని పీకితే రంగు మాడిపోద్ది. ఆ క్రిస్టల్ కాళ్లు రెండూ ఊరికే ఒక డబ్బీని పట్టుకుని ఉన్నాయి కదా, ఒకదాన్ని వాడుకుంటే ఏమవుద్దిలే అనుకున్నా. దానికే స్విచ్ అతికించి, ఆ కాలు మాట విని మోటరు ఆపమని ప్రోగ్రాంలో రాసి, కరెంటు ఇచ్చా. మోటరు తిరిగింది, లైటు మిణుకుమిణుకుమంటంది. స్విచ్ నొక్కా.

లైటు మిణకడం ఆగిపోయింది. మోటరు మాత్రం తిరుగుతానే ఉంది! ఇంకా గట్టిగా నొక్కా. తిరుగుతానే ఉంది. కోటన్న వైరు పీకేదాకా తిరిగింది. "ఓసి నీ తెలివి తెల్లారా," అన్నాడు, "మోటర్ని ఆపమంటే దాని బుర్రని ఆపావు కదే!"

తర్వాత నాకే తెలిసొచ్చింది. స్విచ్ నొక్కితే క్రిస్టల్ కొట్టుకోవడం ఆగుద్ది, అది ఆగితే చిప్పు అడుగెయ్యలేదు, ఏ పనిలో ఉన్నది ఆ పనిలోనే బిగుసుకుపోద్ది. నేను నొక్కింది దానికి వినపడనే లేదు. నేను మాట్లాడానని కూడా దానికి తెలీదు.

సరే, క్రిస్టలే అడ్డమని దాన్ని ఊడబీకి పారేశా. ఇప్పుడు కాలు ఖాళీ. కరెంటు ఇచ్చా. ఏమీ లేదు. లైటు లేదు, మోటరు లేదు, బజరు లేదు. శవం. మళ్లీ ఇచ్చా. శవమే. చిప్పు మార్చా, రెండోది కూడా శవం. నాకు ఏడుపొచ్చింది, నిజంగా. గడియారం చూస్తే మూడున్నర. రేపు ఈ టైముకి ఇంకో గంటన్నరే ఉంటది, ఫారం బ్యాగులో సంతకం లేకుండా ఉంది, నేనేమో ఇక్కడ ఎవడిదో రంగు తొట్టికి స్విచ్ పెడతన్నా. దేనికి పెడతన్నానో కూడా తెలీదు.

మాష్టారు టీ గ్లాసు నా పక్కన పెట్టాడు. "ఆ కాళ్ల మీది పని దించావు. దించినట్టు దానికి చెప్పావా?"

"చిప్పుకి ఎట్టా చెప్తారు మాష్టారూ?"

"మనుషులకైతే ఎట్టా చెప్తావో!" అని వెళ్లి తన స్టూలు మీద కూర్చున్నాడు.

ప్రోగ్రాం మొదట్నించి చదివా. అన్నిటికన్నా పైన ఒక సెట్టింగ్ ఉంది, నేను ఎప్పుడూ పట్టించుకోనిది. లెక్క బయటి క్రిస్టల్‌ది తీసుకోవాలా, చిప్పు లోపలున్న సొంతదాన్ని తీసుకోవాలా అని. అది ఇంకా బయటిదనే ఉంది. నేను క్రిస్టల్ పీకేశా గానీ, ఆ రెండు కాళ్లూ రాని దెబ్బల కోసం అట్టానే కాచుకుని కూర్చున్నాయన్నమాట. చిప్పు మొత్తం వాటి మొహం చూస్తా కదలకుండా కూర్చుంది. సెట్టింగ్ లోపలిదానికి మార్చా. ఆ కాలు ఇంక వినడానికే అని రాశా. కరెంటు ఇచ్చా.

లైటు వెలిగింది. మోటరు తిరిగింది. ఎర్ర స్విచ్ నొక్కా, అట్టా ముట్టుకున్నానో లేదో, టక్కున ఆగింది! నేనేసిన కేకకి పక్క జిరాక్స్ షాపు ఆయన వచ్చి చూసి పోయాడు.

కానీ నలభై నిమిషాల టైమరు పెట్టి చూస్తే ఇరవై నాలుగు సెకన్లు లేటు. లోపలి లెక్క క్రిస్టల్ అంత కరెక్టుగా ఉండదు. నాకు మండింది. "మాష్టారూ, ఇది తప్పు చూపిస్తంది. క్రిస్టల్ ఉన్నప్పుడు ఒక్క సెకను కూడా తేడా వచ్చేది కాదు."

"ఇరవై నాలుగు సెకన్లకి ఏ చీర రంగూ చెడిపోదు తల్లీ."

సాంబశివరావు గారు వచ్చి స్విచ్ పదిసార్లు నొక్కి చూసుకుని, బోర్డు సంచిలో వేసుకుని పోయాడు. నేను బ్యాగు తగిలించుకున్నా. ఇంక ఉండబట్టలేక "మాష్టారూ, స్విచ్ పెట్టా, బాగుంది. మా అమ్మ సంగతి మాత్రం మీరు చెప్పనే లేదు" అన్నా.

మాష్టారు సోల్డరింగ్ ఐరన్ కొన తడి స్పాంజికి తుడుస్తా, నా వైపు చూడకుండానే అడిగాడు. "నువ్వు మీ అమ్మతో మాట్లాడేప్పుడు రాట్నం ఎవరి చేతిలో ఉంటది?"

"అమ్మ చేతిలోనే. ఇంకెవరి చేతిలో ఉంటది?"

"మరి?" అన్నాడు.

అంతే. ఒక్క మాట. ఐరన్ స్టాండులో పెట్టి, షాపు లైటు తీసేశాడు. ఇంటికొచ్చేదాకా బుర్ర తిరుగుతానే ఉంది. మరి అంటే ఏంది? అమ్మేమన్నా చిప్పా? సెట్టింగ్ యాడుంటది? కోటన్ననడిగితే "నాకు ట్రాన్స్‌ఫార్మర్ సంగతే ఇంకా తెలీలా, నీకేం చెప్పేది" అన్నాడు. ఫారం నా పక్కనే ఉంది. అమ్మ ఎదురుగా రాట్నం తిప్పతంది. ఇందాక "అమ్మా, నీతో మాట్లాడాలి" అన్నా. "ఊ" అంది. కళ్లు దారం మీద, చెవి మగ్గం మీద. మీలో ఎవరికన్నా అర్థమైతే చెప్పండి, నాకైతే ఒక్క ముక్క

ఆగండి, ఇంక టైపు కాదు, మైకు నొక్కి మాట్లాడతన్నా, నాన్న గుంటలోంచి కండె కండె అని అరుస్తన్నాడు, నాడెలో దారం చిక్కుపడ్డట్టుంది, అమ్మ తల కూడా ఎత్తకుండా ఇంకా జోరుగా తిప్పతంది. అమ్మా లే. లే అంటన్నా కదా, ఇటివ్వు రాట్నం, వదులైతే అయినాయి, నాన్న తిడితే నేను పడతా, నువ్వు ఆ కాయితం తీసుకుని ఇట్టా నా ఎదురుగా కూర్చో