తోటకూర మడికి నీళ్ళు

భైరవయ్య గారి ఆశ్రమం కాలువ గట్టున ఉంది. ప్రశ్న అడిగినవాడికి ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. విరించి వచ్చిన ఆరు నెలల్లో ముప్పై ఒక్క ప్రశ్నలు అడిగి, పంతొమ్మిది సార్లు చీపురు, పన్నెండు సార్లు గడ్డపార అందుకున్నాడు. అయినా ముప్పై రెండోది అడగకుండా ఉండలేకపోయాడు.

అతని అక్క సుదేష్ణ కూడా అక్కడే శిష్యురాలు. ఇద్దరికీ మాటలు లేక అప్పటికి తొమ్మిది రోజులు. ఆరేళ్ళ కిందట పూర్ణయ్యగా వచ్చి, ఇప్పుడు చీర కట్టుకుని పూర్ణగా ఉంటూ ఆశ్రమం తోట చూసుకునే మనిషి గురించి గొడవ మొదలైంది. పూర్ణ భోజనాలప్పుడు ఆడవాళ్ళ పంక్తిలో కూర్చోవచ్చని సుదేష్ణ, కూడదని విరించి. అక్కడి నుంచి ఆడతనం, మగతనం పుట్టుకతో వస్తాయా, పెంపకంతో వస్తాయా అన్నదాకా పోయింది. చివరికి, నీలాంటివాడికి అక్కనని చెప్పుకోలేనని సుదేష్ణ మాట మానేసింది. తొమ్మిదో రోజున మర్నాటి బస్సుకు పెట్టె కూడా సర్దుకుంది. అమ్మానాన్నలు పోయాక విరించికి మిగిలింది ఆమె ఒక్కతే.

"మా ఇద్దరిలో ఎవరిది ఒప్పో చెప్పండి గురువుగారూ. తనది తప్పని తెలిస్తే ఆగిపోతుంది," అన్నాడు.

"తోటకూర మడి ఎండిపోతోంది. మీ అక్కను తీసుకెళ్ళి గూడ వెయ్యి," అన్నారాయన.

గూడ అంటే కాలువలోంచి నీళ్ళు ఎత్తిపోసే తట్ట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరి రెండు తాళ్ళు పట్టుకుని, ఒకేసారి వంగి ఒకేసారి లేవాలి. ఒక్కరి వల్ల కాదు.

గురువు మాట కాదనలేక సుదేష్ణ వచ్చింది. ఆమె తమ్ముడికన్నా ఐదంగుళాలు పొడుగు. తట్ట అతని వైపు ఒరిగి, నీళ్ళు మడికి బదులు అతని పంచె మీద పడ్డాయి. పదిసార్లు ఎత్తితే పదిసార్లూ అంతే. విరించి పట్టుకున్న రెండు తాళ్ళకూ ఒక్కో ముడి వేసి పొట్టి చేస్తే సరిపోయేది. తాళ్ళు ఇద్దరికీ సమానంగానే ఉండాలని సుదేష్ణ పట్టు. మగవాళ్ళే పొడుగని తొమ్మిది రోజుల కిందట అందరి ముందూ లెక్కలు చెప్పినవాడు ముడి ఎలా వేసుకుంటాడు? దాంతో నోళ్ళు తెరుచుకున్నాయి. పూర్ణ తరఫున ఆమె దగ్గర ఐదు వాదనలున్నాయి, అతని దగ్గర ఏడు అభ్యంతరాలు. గూడ ఖాళీగా వేలాడుతోంది.

మడి చివర పార పట్టుకుని నీళ్ళ కోసం నిలబడ్డ పూర్ణ పన్నెండూ వింది.

"సుదేష్ణమ్మా, విరించి బాబూ, నేనెవరో మీరు తేల్చేలోపు నా తోటకూర పోయేలా ఉంది. తొమ్మిది రోజులుగా నేను ఆడవాళ్ళ పంక్తిలోనే కూర్చుంటున్నాను. ఒకరి మొహం ఒకరు చూడకూడదని మీరిద్దరూ తల దించుకుని తింటున్నారు. రసం రెండేసి సార్లు అడిగాను, అదీ వినబడలేదా?"

విరించి, సగటున చూస్తే మగవాళ్ళు, అంటూ మొదలుపెట్టబోయాడు.

"సగటు మనిషి రాలేదు బాబూ, నువ్వొచ్చావు. ముడి వెయ్యి," అంది పూర్ణ.

విరించి కదల్లేదు. సుదేష్ణే తాళ్ళు కింద పెట్టి, చుట్టూ తిరిగి వచ్చి, తమ్ముడి తాళ్ళకు ముడి వేసింది. పొడుగు పుట్టుకతో వచ్చిందేనని గొణిగాడు. ముడి మాత్రం మనం వేసిందేనంది ఆమె. గూడ నడిచింది. వాదనా నడిచింది. కాకపోతే తట్ట లేచేటప్పుడు ఇద్దరికీ ఊపిరి చాలదు కనుక, దిగేటప్పుడే మాట్లాడాలి. ఒకసారి అతని వంతు, ఇంకోసారి ఆమె వంతు. అవతలివాళ్ళ మాట పూర్తిగా వినడం ఇద్దరికీ అదే మొదలు.

సాయంత్రం ముగ్గురూ బురద కాళ్ళతో గురువు ముందు నిలబడ్డారు. నాలుగు వందల పన్నెండు తట్టలన్నాడు విరించి. నాలుగు వందల రెండంది సుదేష్ణ. మొదట పంచె మీద పడినవి ఎందుకు లెక్కేశావని అడిగింది. అతను నవ్వాపుకుని, గొడవ మాత్రం తేలలేదని గురువుకు విన్నవించాడు.

భైరవయ్య గారు పూర్ణ వైపు తిరిగారు. "మడి తడిసిందా?"

"సగం తడిసింది."

"నాకు పొద్దున ఆరింటికి బస్సు," అంది సుదేష్ణ. అంది కానీ, భుజం మీది గూడ తాళ్ళు దించలేదు.

"మరి నా ప్రశ్న?" అన్నాడు విరించి.

గురువు లేచి పై పంచె దులుపుకున్నారు. "మిగతా సగం రేపు. ఆ ముడి మాత్రం విప్పకండి."