మార్తాండకవి మీసం మీద అయిదువందల వాట్లు

పొగడపురం రాజా ముకుందరాయలవారికి ఏదైనా మోజు పుట్టిందంటే పట్టపగ్గాలుండవు. ఆ ఏడు కరెంటు దీపాల మోజు పుట్టింది. కోటలో ఆయిలింజను, దానికో డైనమో పెట్టించి, కొలువుకూటం నిండా బల్బులు వేయించారు. కొలువులో నవ్వించడానికి కూర్మయ్య అని ఒకడున్నాడు. రాజుగారు అతన్ని చూసి, "నీకు వేరే పనేం లేదు గదా, దీపాల పెత్తనం నీదే" అన్నారు.

నవ్వు తెప్పించేవాడికి వెలుగు తెప్పించడం ఓ లెక్కా అనుకున్నాడు కూర్మయ్య, పాపం.

నెల తిరక్కుండానే తంటా వచ్చిపడింది. రోజూ సాయంత్రం కొలువు మొదలయ్యే వేళకి దీపాలు ఉన్నట్టుండి గుడ్డివయ్యేవి. కాసేపటికి మళ్లీ తేరుకునేవి. ఆ తర్వాత ఆస్థానకవి మార్తాండకవి, తేలు కొండెల్లా పైకి తిరిగిన మీసాలతో, అందరికంటే ఆలస్యంగా వేంచేసేవాడు. ఆ మీసాలంటే రాజుగారికి కూడా లోలోపల కాస్త అసూయే.

"ప్రభూ, నవ్వులాటగాడి చేతికిస్తే దీపాలు కూడా నవ్వులపాలే చేస్తాయి" అన్నాడు కవి ఓ రోజు. "ఎల్లుండి పొరుగు జమీందారుగారు వస్తున్నారు. ఆయన ముందు ఇలా అయితే మన పరువేం కాను?"

రాజుగారు మొహం గంటు పెట్టుకున్నారు.

"కూర్మయ్యా, ఎల్లుండి దీపాలు మందగించాయో, ఆ మర్నాడే నువ్వు పెళ్లాంబిడ్డలతో ఊరు దాటాలి."

కూర్మయ్యకు కొలువు తప్ప వేరే ఆధారం లేదు. అయినా నోరు ఊరుకోదుగా.

"చిత్తం ప్రభూ. దీపాల తిండి ఎవరో దొంగిలించి తింటున్నారు. ఆ దొంగను పట్టిస్తేనో?"

కవి పకపకా నవ్వాడు. "పట్టించు చూద్దాం. నా మీసం సగం తీయించేసుకుంటాను."

కొలువంతా తలలు తిప్పి ఆ మీసాల వంకే చూసింది. పొగడపురంలో మీసం మీద కట్టిన పందేన్ని వెనక్కి తీసుకోవడమంటూ లేదు.

మర్నాడు సాయంత్రం కూర్మయ్య ఇంజను కొట్టంలో చతికిలబడ్డాడు. ఎదురుగా గోడ మీద గడియారాల్లాంటివి రెండున్నాయి. ఒకటి వోల్టులు చెబుతుంది, అంటే కరెంటును నెట్టే బలం. రెండోది ఆంపియర్లు చెబుతుంది, అంటే పారే కరెంటు. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే దారిలో ఉన్న అడ్డెంతో తెలుస్తుంది, అది ఓముల్లో. రెంటినీ గుణిస్తే ఖర్చయ్యే శక్తి తెలుస్తుంది, అది వాట్లలో. డైనమో బిగించిన మేస్త్రీ చెప్పి వెళ్లిన పాఠం ఇంతే.

దీపాలు నిండుగా వెలుగుతున్నాయి. వంద వోల్టులు, అయిదు ఆంపియర్లు. అంటే దీపాలన్నిటి అడ్డూ కలిపి ఇరవై ఓములు. ఇంతలో ముళ్లు కదిలాయి. వోల్టులు ఎనభైకి దిగాయి, ఆంపియర్లు ఎనిమిదికి ఎక్కాయి.

"ఎనభై వోల్టులకి ఇరవై ఓముల దీపాలు తాగేది నాలుగు ఆంపియర్లే" అని గొణుక్కున్నాడు కూర్మయ్య. "మిగతా నాలుగూ ఎవడి కడుపులోకి పోతున్నట్టు? ఎనభై నాలుగులు మూడువందల ఇరవై వాట్లు. అంత వెలుగైతే కోటంతా కనబడాలి. వెలుగు లేదంటే, అది వేడి."

సరిగ్గా అప్పుడే పక్క మేడ మీంచి పద్యం వినిపించింది. మార్తాండకవి తన మీద తానే రాసుకున్న సీసపద్యం అది. రోజూ తలుపులు వేసుకుని రాగం తీసి పాడుకుంటాడు. పద్యం ముగిసింది. ముళ్లు రెండూ టక్కున మొదటి చోటికి వచ్చేశాయి.

కూర్మయ్యకు సంగతి బోధపడింది. చెన్నపట్నంలో దొరలు జుట్టు వంకీలు తిప్పుకోవడానికి కరెంటు కడ్డీలు వాడతారని అతను విన్నాడు. కవిగారు గుట్టుగా మేడ మీదికి ఓ తీగ లాక్కుని అలాంటి కడ్డీయే పెట్టుకున్నారు, అది కాగడానికి పద్యమే గడియారం. కానీ కవి కవిత్వం అల్లేవేళ గది తలుపు తట్టకూడదని రాజాజ్ఞ. రుజువెలా?

మళ్లీ వేళ్లు మడిచాడు. కడ్డీకి ఎనభై వోల్టులు, నాలుగు ఆంపియర్లు. దాని అడ్డూ ఇరవై ఓములే. దీపాలే లేకపోతే వంద వోల్టులూ దానికే. అయిదు ఆంపియర్లు, అయిదువందల వాట్లు.

పద్యం మాత్రం అంతే పొడవు.

కూర్మయ్య ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

జమీందారుగారు వచ్చారు, కొలువు తీరింది. మేడ మీంచి కవిగారి రాగం మొదలైందో లేదో, కూర్మయ్య గోడ మీది దీపాల మీట లాగేశాడు. కొలువుకూటం చీకటైపోయింది.

"ఓరి తుంటరీ, దీపాలు మందగించకుండా చూడమంటే ఆర్పేస్తావా?" అని రాజుగారు గర్జించారు.

"ఆర్పిన దీపం మందగించదు ప్రభూ. ఒక్క పద్యం ఓపిక పట్టండి."

చీకట్లో కవిగారి గొంతు తన కీర్తిని తానే పొగుడుకుంటూ ఆఖరి పాదం దాకా సాగింది. పద్యం అయింది. వెంటనే గావుకేక. వెనకాలే వెంట్రుకలు కాలిన కమురు వాసన.

కూర్మయ్య దీపాలు వేశాడు. మార్తాండకవి తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"తువ్వాలు తియ్యవయ్యా" అన్నారు రాజుగారు.

కవి తీశాడు. కుడివైపు మీసం జాలిగా వేలాడుతోంది. ఎడమవైపు మసి తప్ప ఏమీ లేదు.

"రోజూ పద్యమయ్యేసరికి కడ్డీ సరిగ్గా కాగేది ప్రభూ. ఇవాళ..." అని కవి నాలిక కరుచుకున్నాడు.

"ఓహో, దీపాల తిండి తింటున్న దొంగ అదా?" అన్నారు రాజుగారు. కూర్మయ్య వైపు తిరిగారు. "మరి నీ పందెం అడగవేం?"

"అడిగే పని లేకుండా పోయింది ప్రభూ. కవిగారు మాట మీద నిలబడే మనిషి, ముందే చెల్లించేశారు."

ముందు జమీందారుగారు నవ్వారు, తర్వాత కొలువంతా విరగబడి నవ్వింది. రాజుగారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తన మీసం రెండువైపులా ఓసారి దువ్వుకుని, మెడలోని ముత్యాలహారం తీసి కూర్మయ్య మెడలో వేశారు.