చిమ్మట అన్నందుకు

రండి పిల్లలూ, ఇటు జరగండి. తల్లులారా, మీరూ కూర్చోండి. ఆ నారాయణుడికి మనసులో ఒక దణ్ణం పెట్టుకోండి, మొదలుపెడతాను.

ధవళకేతు అని ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, వాళ్ళ తర్వాత ముద్దుగా ఒక్క కూతురు, హేమలేఖ. ఆ పిల్లను కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల పడమటి అడవిలో రెక్కల పురుగును చేశాడు. నల్లని రెక్కలు, వాటి మీద ఆకుపచ్చ మెరుపు చారలు. ఆ జాతి తినే తీగ ఆకులు చేదెక్కాయా, గుంపంతా లేచి దేశం దాటిపోతుంది. పోతే ఇక దొరకదు.

పెద్దవాడు సముద్రాలు దాటి వెళ్ళాడు. మాంత్రికుడు ఆ పురుగును చూపించాడు.

"దీని కులం చెప్పు. సీతాకోకచిలుకా? దీపాల మీద పడే చిమ్మటా? సరిగ్గా చెబితే నీ చెల్లెలు నీది. తప్పితే రాయైపోతావు."

"పట్టపగలు ఎగురుతోంది, పట్టుచీరలా మెరుస్తోంది. సీతాకోకచిలుక!" అన్నాడు పెద్దవాడు. రాయైపోయాడు.

అన్న రాలేదని రెండోవాడు వెళ్ళాడు. అదే ప్రశ్న. మీసం దువ్వి, "రాజు బిడ్డ చిమ్మట ఎలా అవుతుందిరా? సీతాకోకచిలుకే!" అన్నాడు. వాడూ రాయైపోయాడు.

మూడోవాడు మణికేతు వెళ్ళేసరికి ఆకులు చేదెక్కాయి, గుంపు లేస్తోంది. అదే ప్రశ్న. నోరు విప్పబోతుంటే కొమ్మ మీది సాలీడు పిలిచింది.

"బాబూ, రెక్కలు కాదు, మీసాలు చూడు. సీతాకోకచిలుక మీసం కొసన చిన్న గుండు ఉంటుంది. దీనికుందా?"

"లేదు. దారంలా ఉంది."

"మరి చిమ్మటే. రెండు కులాలూ తిన్న నోరిది, నాకు తెలియదా?"

"చిమ్మట!" అని అరిచాడు మణికేతు. మాంత్రికుడు కుండలా భళ్ళున పగిలిపోయాడు. చెల్లెలు మనిషైంది. రాళ్ళు అన్నలయ్యాయి.

ఇంటికొచ్చారు. నిండు సభ, హేమలేఖను పెళ్ళికి అడగడానికొచ్చిన పొరుగు రాజులూ ఉన్నారు. పెద్దన్న ఏమన్నాడో తెలుసా?

"నాన్నగారూ, చెల్లి పరువు కోసం మేం రాళ్ళమయ్యాం. వీడు చెల్లిని చిమ్మటన్నాడు."

సభంతా ఛీ అంది. రాజు ముఖం తిప్పుకున్నాడు.

"చెల్లీ, నువ్వైనా చెప్పవే" అన్నాడు మణికేతు.

హేమలేఖ తల వంచుకుంది. "పెళ్ళివారు వింటున్నారన్నయ్యా. ఇంకో మాట దొరకలేదా నీకు?"

పెళ్ళి వైభవంగా జరిగింది. హోమం దగ్గర పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది తోబుట్టువే కదా. పెద్దవాడు పోశాడు, రెండోవాడు పోశాడు. మణికేతును గుమ్మం దగ్గరే ఆపేశారు.

హేమలేఖ, భర్త చాలాకాలం రాజ్యమేలారు, పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు. నిజం చెప్పినవాణ్ణి ఆ స్వామి ఎక్కడో చూసుకునే ఉంటాడు తల్లీ. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ చూసుకోలేదు.