చింతగింజంత వాలు

గుట్ట కింద కుందేలమ్మ బొరియకి తలుపు లేదు. అడవిపిల్లి ఆ వారంలో రెండుసార్లు వచ్చి వాసన చూసి వెళ్లింది. లోపల ముగ్గురు పసివాళ్లు.

"నాకొదిలెయ్ చెల్లెమ్మా, దగ్గరుండి చేయిస్తా," అంది నక్క.

పని పంచింది. ఎలుక తలుపు పలక అడుగు అంచు తిన్నగా కొరకాలి. ఆ అంచు మీద నిలబెట్టి ఉడుత పక్కలు చెక్కాలి. ఆ పక్కల నుంచి కొలిచి వడ్రంగిపిట్ట బెజ్జాలు పొడవాలి. వాటిలో ముళ్లు దిగ్గొట్టి తలుపు బిగించడం ఏదుపంది వంతు.

ఏదుపంది గుట్ట అవతల ఒంటరిగా ఉంటుంది. పనికి పిలుస్తారు. పక్కన మాత్రం ఎవరూ కూర్చోరు.

నక్క ఎలుక పక్కకి చేరింది. "బావా, ఓ మూల చింతగింజంత వాలు పెట్టు. వాన నీళ్లు జారిపోతాయి."

"అంతేగా! ఎవరి కంటికి ఆనుతుంది?" అంది ఎలుక.

తలుపు బిగించారు. పైన నక్క మూతి పట్టేంత సందు!

"బిగించిందెవరు?" నక్క అరిచింది.

అందరూ ఏదుపంది వైపు చూశారు.

"నా చెక్కుడు సరిగ్గానే ఉంది," అంది ఉడుత.

"నా బెజ్జాలకేం?" అంది వడ్రంగిపిట్ట.

"ఎవరిది వాళ్లకి సరే," అంది ఏదుపంది. "ఉడుత ఎలుక అంచుని నమ్మింది. పిట్ట ఉడుతని నమ్మింది. నేను పిట్టని నమ్మాను. ఆ మొదటి అంచు ఓసారి చూడండి."

"చింతగింజంత తేడా ఇంత సందవుతుందా? పాడుచేసి పైగా పాఠాలు! ఇంక మా పనుల్లోకి రాకు," అంది నక్క.

చింతగింజ మాట ఏదుపంది ఎత్తనే లేదు. నక్క నోరు జారిందని ఎలుక ఒక్కదానికే తెలిసింది. తల వంచుకుంది. కుందేలమ్మ కూడా ముఖం తిప్పుకుంది.

"సందులో రేపు గడ్డి కుక్కుదాంలే చెల్లెమ్మా," అని నక్క వెళ్లిపోయింది.

పొద్దు వాలాక ఏదుపంది తిరిగొచ్చింది. ఒంటి మీది ముళ్లు ఒక్కొక్కటే పీకి, మొనలు బయటికి పెట్టి, సందు లోపల వరసగా దిగ్గొట్టింది. పిలవని పని. రాతి వెనక కూర్చుని పిల్లల ఊపిరి వింటూ ఉండిపోయింది.

కాసేపటికి నక్క వచ్చింది. సందు ఎక్కడుందో తెలుసు కదా, చూడకుండానే మూతి దూర్చింది.

ఆ కేకకి గుట్టంతా కదిలొచ్చింది.

"ఏం మేస్త్రీ, కొలత సరిచూస్తున్నావా?" అంది వడ్రంగిపిట్ట.

నక్క మూతినిండా ముళ్లతో పరుగెత్తింది. మళ్లీ ఆ గుట్టకి రాలేదు. ఎలుక ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది. తెల్లారి తలుపు ఊడదీసి, మొదటి అంచు నుంచి అందరూ మళ్లీ చేశారు.

"అక్కా, లోపలికి రా," అంది కుందేలమ్మ, బారెడు దూరంలో నిలబడి.

ఏదుపంది గుమ్మంలోంచి తొంగి చూసింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు.

"ఇరుకు కదమ్మా. గుచ్చుకుంటాయి," అని గుట్ట అవతలికి నడిచింది.

తప్పు చివర బయటపడిందని చివరివాళ్లని వెలివేస్తే, మొదట చేయించినవాడు ఆ సందులోంచే లోపలికి వస్తాడు.