జంతికల కొట్టులో టీవీ గీత

గోదావరి గట్టు పక్కనున్న చిన్న ఊళ్ళో మణిగారి జంతికల కొట్టు ఉంది. అందులో పనిచేసే ముగ్గురికీ తమంత తెలివైనవాళ్ళు జిల్లాలో లేరని గట్టి నమ్మకం. జిల్లాలో మిగతావాళ్ళని ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి. గల్లాపెట్టె దగ్గర నూకరాజు, మూకుడు దగ్గర అతని పెళ్ళాం పల్లాలమ్మ, పొట్లాలు కట్టే చోట అతని బావమరిది భద్రం. పొద్దున్నే తాళం తీసేముందు నూకరాజు తలుపు మీద మర్యాదగా కొడతాడు. లోపల్నుంచి ఎవరూ పలక్కపోతేనే తాళం తీస్తాడు.

"ఎవరన్నా ఉంటే వాళ్ళే తీస్తారు గదా. తాళంచెవి అరగదియ్యడం దేనికి?" అంటాడు. ఆ ముందుచూపు చూసి పల్లాలమ్మ రోజూ మురిసిపోతుంది.

ఒకనాడు మణిగారు రాజమండ్రిలో ఏదో వ్యాపారస్తుల మీటింగుకి వెళ్ళొచ్చి, కొట్టు గోడకి ఇంత పెద్ద టీవీ బిగించారు. అందులో సినిమాలు రావు. ఏ రోజు ఎంత అమ్మారో గీతలు వస్తాయి, పక్కన అమ్మకాల గురించి కబుర్లు వస్తాయి.

"ఇన్నాళ్ళూ అమ్మకాల సంగతులు నాకొక్కదానికే తెలిసేవి. అలా ఉండకూడదట. పనిచేసే ప్రతివాళ్ళకీ తెలియాలట. ఇకనుంచి ఇది చూసి ఏం చెయ్యాలో మీరే ఆలోచించుకోండి. నన్నడగొద్దు," అన్నారు మణిగారు.

"ఆయ్," అన్నాడు నూకరాజు. ఆలోచించే పని తనకి అప్పజెప్పడానికి ఇన్నేళ్ళెందుకు పట్టిందా అని మాత్రం కాస్త నొచ్చుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ గుమ్మంలో ఆగారు. "బజారులో ఉన్న ఇంకో కొట్టూ, ఇదీ, రెండూ నడపడం నావల్ల కావట్లేదు నూకరాజూ. శనివారం సాయంత్రం వస్తాను. ఈ గీత పైకి వెళ్తుంటే ఇది ఉంచుతాను. కిందికొస్తుంటే మూసేస్తాను."

పెళ్ళికి ముందునుంచీ నూకరాజుకి ఇదే కొట్టు. ఈ నూనె వాసన ముక్కుకి తగలకపోతే అతనికి అన్నం సయించదు. కొట్టు లేకపోతే తనేమైపోతాడో అతని తెలివికి కూడా అందలేదు.

భద్రం టీవీలో కబురు కూడబలుక్కుని చదివాడు. "మనిషి సగటున రెండున్నర పొట్లాలు కొంటాడంట బావా."

"అంటే వచ్చినవాడల్లా రెండున్నర కొంటాడన్నమాట. చూశావా, ఇన్నాళ్ళూ తెలీక అడిగినన్ని ఇచ్చేశాం."

అంతే. ఉల్లిపాయలు తరిగే కత్తి తెచ్చి పొట్లాలు సగానికి కొయ్యడం మొదలెట్టారు. సీమంతానికని ఒకావిడ పది పొట్లాలు అడిగింది.

"మీరు రెండున్నరే కొంటారండి," అన్నాడు నూకరాజు.

"పది కావాలయ్యా నాకు."

"మీకు తెలీదండి పాపం. టీవీలో ఉంది."

ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది. ఒక్క పొట్లం చాలన్న ముసలాయన్ని మాత్రం పోనివ్వలేదు. రెండున్నరా చేతిలో పెట్టేదాకా భద్రం ఆయన చొక్కా వదల్లేదు. ఆయన మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. మర్నాటికి గీత కిందికి దిగింది.

"సాయంత్రం ఐదింటికి జనం ఎక్కువొస్తారని ఉంది. మన గడియారంలోనేమో ఇంకా తొమ్మిదే అయింది. రమ్మంటే ఎలా వస్తారు?" అంది పల్లాలమ్మ.

పెళ్ళాం బుర్రకి నూకరాజు దణ్ణం పెట్టేశాడు. ముల్లు ఐదు మీదికి తిప్పి, గడియారం ఆపేసి, ముగ్గురూ గుమ్మం వైపు చూస్తూ కూచున్నారు. ఈగ కూడా రాలేదు.

"ఊరు ఊరంతా ఆలస్యంగా నడుస్తోంది," అన్నాడు నూకరాజు జాలిగా. గీత ఇంకాస్త దిగింది.

వాన కురిసిన రోజున జంతికలు బాగా పోతాయని ఇంకో కబురు కనిపించింది. బయట చూస్తే ఎండ మాడ్చేస్తోంది. ఇంకేముంది, భద్రం నీళ్ళ గొట్టం పట్టుకుని డాబా ఎక్కి వీధిలోకి వాన కురిపించాడు. పట్టుచీర కట్టుకుని పేరంటానికెళ్ళే ఇద్దరు అమ్మలక్కలు నిలువునా తడిసి, ఆగి మరీ తిట్టారు.

"తిడుతున్నారే గానీ కొనట్లేదు బావా."

"వాన చాల్లేదురా. ఇంకా పొయ్యి. నేను చాలనేదాకా ఆపకు."

శుక్రవారానికి గీత నేలకి ఆనింది. నూకరాజు టీవీని ఊడదీసి తలకిందులుగా పెట్టించాడు. ఎడమనుంచి చూసుకొస్తే గీత అప్పుడూ కిందికే దిగుతోంది. "మొండిది," అని తిట్టి మళ్ళీ మామూలుగా బిగించాడు. ఆ రాత్రి అతను కంచం ముందు కూచుని లేచిపోయాడు.

శనివారం పొద్దున్న పల్లాలమ్మ చేతి అద్దంలో బొట్టు దిద్దుకుంటూ, "ఏవయ్యా, గీత ఎక్కుతోంది," అంది. అద్దంలో, ఆమె భుజం వెనక, గీత నిజంగానే పైకి ఎక్కుతోంది. నూకరాజుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంట్లోంచి నిలువుటద్దం తెచ్చి టీవీకి ఎదురుగా నిలబెట్టాడు. ఇకమీదట గీతని అద్దంలోనే చూడాలని ఆర్డరేశాడు.

భద్రాన్ని ఆపమని ఎవరూ చెప్పలేదు గనక డాబా మీంచి వాన కురుస్తూనే ఉంది. బడి సెలవు. పిల్లలంతా వచ్చి గంతులెయ్యడం మొదలెట్టారు. పిల్లల కోసం తల్లులొచ్చారు, తల్లుల్ని వెతుక్కుంటూ తండ్రులొచ్చారు. తడిసిన ఒంటికి వేడి జంతికల వాసన తగిలింది. ఇంకేముంది, జనం కొట్టు మీద విరగబడ్డారు. భద్రం గొట్టం వదిలేసి కిందికి పరిగెత్తాడు. పొట్లాలు కోసే తీరిక లేక అడిగినన్ని అడిగినట్టే ఇచ్చేశాడు.

సాయంత్రానికి నూకరాజు అద్దం వైపు చూశాడు. గీత ఎడమవైపు కొండంత ఎత్తున మొదలై కుడివైపుకి జారుకుంటూ వస్తోంది. పొట్లం అమ్మేకొద్దీ ఇంకా నిట్టనిలువుగా జారుతోంది.

"ఒరేయ్ భద్రం, అమ్మకురా. నువ్వు అమ్మేకొద్దీ గీత పడిపోతోంది."

అంతే. తలుపులు మూసేసి ముగ్గురూ అరుగు మీద అడ్డంగా కూచున్నారు. పల్లాలమ్మ ఒక పిల్లాడి చేతిలో పొట్లం లాక్కుంటూ, "ఇచ్చెయ్యి నాన్నా, మా కొట్టు మూతపడిపోద్ది," అని బతిమాలింది.

అప్పుడొచ్చారు మణిగారు. నూకరాజు బావురుమన్నాడు. "క్షమించండమ్మగారూ. ఎంత తోసినా పోవట్లేదండి. కొంటామనే అంటున్నారు."

ఆవిడ జనాన్ని చూశారు, లోపలికెళ్ళి అద్దాన్ని చూశారు. నూకరాజు భుజాలు పట్టుకుని టీవీ వైపు తిప్పారు. గీత టీవీ పైఅంచుకి తగులుతోంది. ఆవిడ నూనె డబ్బా మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"ఈ కొట్టు ఎక్కడికీ పోదులే. తలుపులు తీసి అడిగినన్ని ఇవ్వండి," అని, అలిగినవాళ్ళకి సర్దిచెప్పడానికి తనే బయటికెళ్ళారు.

తిరిగొచ్చేసరికి గోడ మీద టీవీ లేదు. నూకరాజు ఒక గోనెసంచి మూతి దబ్బనంతో కుడుతున్నాడు.

"టీవీ ఏదయ్యా?"

"ఇందులో ఉందండి. గీత పైనున్నప్పుడే ఆపేసి మూటగట్టేశాం. ఇంకెవరూ చూడకుండా అటకెక్కించేస్తే, కొట్టున్నన్నాళ్ళూ అది పైనే ఉంటాదండి."

మణిగారు నోరు తెరిచేలోగా భద్రం సంచి ఎత్తుకుని నిచ్చెన ఎక్కుతున్నాడు. మధ్యలో సంచి కాస్త ఒరిగింది.

"నిటారుగా పట్టుకోరా," అన్నాడు నూకరాజు, "గీత కిందికి జారిపోద్ది."