డెక్కల రొయ్య ఎరుపు ఎక్కడ దాగింది?

ఒకప్పుడు చల్లని సముద్రం అడుగున డెక్కల రొయ్యలన్నీ, అంటే పీతల్లా పెద్ద డెక్కలుండే లాబ్‌స్టర్లన్నీ, ఎర్రగా ఉండేవి. పండు మిరపకాయలంత ఎరుపు! ఇప్పట్లా ఒంటరిగా కాదు, రాతి గూళ్లలో కలిసి బతికేవి.

వాటికో కట్టుబాటు ఉండేది. రొయ్య పెరిగితే పాత పెంకు ఇరుకవుతుంది కదా! దాన్ని విడిచేస్తుంది. కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్లంతా వెన్నముద్దే. అందుకని అయినవాళ్లు ఒకరు డెక్కలు అడ్డుపెట్టి గుమ్మంలో కాపు నిలబడాలి.

ఆ రోజు కెంపి పెంకు విడిచింది. వాళ్లక్క మంకెన కాపుకి నిలబడింది.

"అక్కా, నీ వీపు కనిపిస్తేనే నాకు ధైర్యం. కదలకే!" అంది కెంపి.

"నిన్నొదిలి ఎక్కడికి పోతానే, పిచ్చిదానా!" అంది మంకెన.

అంతలో ఘుమఘుమా వాసన. పైనుంచి జాలరులు ఎర చేప పెట్టి బుట్ట దించారు. మంకెన తిని ఎన్నాళ్లయిందో! 'ఒక్క ముక్క తెస్తే చెల్లీ తింటుంది' అనుకుని గుమ్మం దిగింది. ఎంత పని చేసింది!

బుట్టలోకి దూరడం తేలికే. బయటపడటానికి పాపం ఎంతసేపు పెనుగులాడిందో! చేప ముక్క పట్టుకుని పరుగున వచ్చేసరికి, గూట్లోంచి పాముచేప బయటికొస్తోంది.

"గుమ్మంలో ఎవరూ లేరు కదమ్మా, వెళ్లాను" అంది తాపీగా.

లోపల కెంపి లేదు. విడిచిన పెంకు ఉందంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? చెల్లిది ఏదీ పారేయలేక, మంకెన ఏడుస్తూ ఆ పెంకంతా తినేసింది.

తర్వాత సముద్రం తల్లిని తలుచుకుని మొత్తుకుంది. "అమ్మా, ఈ ఎరుపు తీసెయ్! ఒంటిమీద చూసుకుంటే చెల్లే కనిపిస్తోంది."

"తీయడం నా వల్ల కాదు తల్లీ. దాచగలను, అంతే" అంది సముద్రం. అడుగునున్న నల్లని బురద తీసి ఒళ్లంతా పులిమింది. "నీళ్లలో ఉన్నంతకాలం కనపడదు. నిప్పు దగ్గర నా మాట చెల్లదు."

మంకెన ఇంకెవరినీ గుమ్మం తొక్కనివ్వలేదు. తనను తాను ఇంకెప్పుడూ నమ్మలేదు.

ఆ నలుపూ ఆ తీరూ దాని జాతికంతా పాకాయి. అప్పటినుంచే డెక్కల రొయ్య నల్లగా, రాతి గూట్లో ఒక్కతే ఉంటుంది. తన జాతిదే వచ్చినా డెక్క ఎత్తి తరుముతుంది. పెంకు విడిచినప్పుడు దానికి కాపు ఎవరూ ఉండరు. ఆ పెంకు అదే తింటుంది. మరిగే నీళ్లలో పడ్డప్పుడు మాత్రం కెంపి ఎరుపు పైకొస్తుంది. పళ్లెం ముందు కూర్చున్నవాళ్లు "అబ్బ, ఏం రంగు!" అంటారు.